అలుగు జాడ చెప్పింది నేనే

మా మామగారికి మొలలు. ఇలాంటి మాటతో మొదలుపెట్టడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ నేను చెప్పబోయేదాంట్లో నేను మర్యాదగా చేసిన పని ఒక్కటీ లేదు. అందుకని ఎక్కడ మొదలుపెట్టినా ఒకటే.

నాగార్జునసాగర్ ఆనకట్ట కడుతున్న రోజులవి. నేను మాచర్లలో బోర్డు స్కూలు పంతుల్ని. సిమెంటు లారీలు ఊరి మధ్య నుంచి పోతుంటే ఆ దుమ్ముకి నల్లబల్ల మధ్యాహ్నానికల్లా తెల్లబల్ల అయ్యేది. మాది నరసరావుపేట పక్కన ఒక పల్లె. నాన్న మిషన్ బడిలో చదువు చెప్పేవాడు. క్రిస్మస్‌కి కోడిని కొయ్యాల్సివస్తే పక్కింటివాళ్ళను బతిమాలుకునే ఇల్లు మాది. అలాంటి ఇంటివాణ్ణి తీసుకెళ్ళి గురజాల దగ్గర ఒక రైతు ఇంటికి అల్లుణ్ణి చేశారు. వాళ్ళూ మాలాగే చర్చికి పోయేవాళ్ళే. కానీ ఆ ఇంటి మగవాళ్ళు నిద్రలో కూడా మీసం మీద చెయ్యేసుకుని పడుకుంటారు. పెళ్ళైన మూడోనాడు వాళ్ళ దొడ్లో గేదె ఒకటి ఈగల బాధకి తల విదిలించింది. నా మీదికే వస్తోందనుకుని నేను పిట్టగోడ దూకాను. కొత్త పంచె చిరిగింది. సాయంత్రానికల్లా ఊరంతా నాకు పేరు పెట్టేసింది, గోడదూకుడు అల్లుడని.

నవ్వండి, ఫర్వాలేదు. అప్పుడు నేనూ నవ్వాను. లోపల మాత్రం కుతకుతలాడిపోయాను. పలనాడులో పుట్టినవాడికి ఆస్తి లేకపోయినా గడుస్తుంది గాని, పిరికివాడన్న పేరు వస్తే గడవదు.

ఆ రోజుల్లో పంతులంటే పిల్లలకి చదువు చెప్పేవాడే కాదు, అక్షరం రానివాళ్ళందరికీ అర్జీలు రాసిపెట్టేవాడు కూడా. సాయంత్రం బడి విడిచాక ఆ బడి అరుగు మీదే కూచుంటే ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని చెప్పుకునేవాళ్ళు. అలా ఒక సాయంత్రం ఒక చెంచు మనిషి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎండిన వెదురులా సన్నగా ఉన్నాడు. భుజం మీది గొడ్డలిని గేటు బయటే గోడకి ఆనించి లోపలికొచ్చాడు. అప్పట్లో అందరిలాగే నేనూ అతన్ని 'వాడు' అనేవాణ్ణి. ఇప్పుడు 'ఆయన' అంటున్నాను. ఇప్పుడని ఏం లాభం?

"అయ్యోరా, అర్జీ రాయాల. నన్ను ఖాయం జెయ్యమని రేంజరు దొరకి," అన్నాడు.

నల్లమల రిజర్వు ఫారెస్టులో ఆయన వాచరు. ఆరేళ్ళుగా తాత్కాలికమే. ఖాయం కాకపోతే ఏమవుతుందని అడిగాను.

"మా గుడిసె హద్దురాళ్ళకి లోపలుంది. వాచరువైతేనే ఉండనిస్తాం, లేకపోతే పీక్కుని బయటికి పొమ్మన్నారు. బయటంటే యాడికి పోను? మా నాయన ఆడనే పుట్టె, నేనూ ఆడనే పుడితి."

ఆయనకి కావాల్సింది ఆ ఒక్కటే. ఉన్నచోట ఉండనివ్వడం. నేను కూచుని మంచి అర్జీ రాశాను. మహారాజశ్రీ రేంజరు దొరగారి సముఖమునకు అని మొదలుపెట్టి, సదరు బీటులో ఈ ఆరేళ్ళుగా ఒక్క జంతువుకైనా హాని జరగలేదని, అడవిని కన్నతల్లివలె కాపాడుచున్నానని రాసి చదివి వినిపించాను. కన్నతల్లి అన్న చోట ఆయన మళ్ళీ చదవమన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత సిరాలో బొటనవేలు అద్ది జాగ్రత్తగా ముద్ర వేశాడు.

వారం తిరక్కుండా వెదురు గొట్టంలో తేనె పట్టుకొచ్చాడు. నేను వద్దన్నాను. "తేనె వద్దంటే అడివి చూపిత్తా, రా," అన్నాడు. మా ఇంటికి పద్నాలుగు మైళ్ళలో పులులూ ఎలుగుగొడ్లూ తిరిగే అడవి ఉంది, నేను చూసిన అతి పెద్ద జంతువు ఆ గేదె. సరే వస్తానన్నాను.

నవంబరులో ఒక శనివారం పొద్దున్నే బయలుదేరాం. బస్సు దిగి మూడు మైళ్ళు నడిస్తే సున్నం కొట్టిన హద్దురాళ్ళు వచ్చాయి. వాటి పక్కన ఎండిన కొమ్మల కుప్ప ఒకటుంది. ఆయన చెప్పులు విడిచి, చిన్న కొమ్మ విరిచి ఆ కుప్ప మీద వేశాడు. వాళ్ళ మైసమ్మకి చెప్పి లోపలికి పోవడం అది. నన్నూ వెయ్యమన్నాడు. చర్చికి పోయేవాణ్ణి, వెయ్యవచ్చా అని నేను ఒక్క క్షణం ఆగాను.

"నీ దేవుడికి కోపమొస్తే నా పేరు జెప్పు," అన్నాడు నవ్వకుండా. నేను నవ్వి కొమ్మ వేశాను.

లోపల ఆయన నడకే వేరు. ఎండుటాకుల మీద నేను నడుస్తుంటే అప్పడాలు తొక్కినట్టు చప్పుడు. ఆయన అడుగు వినపడదు. తునికి చెట్లు, మద్ది చెట్లు, దాటగానే వెదురు పొదలు. మద్ది మానుకి నిలువునా చారలుంటే ఎలుగుగొడ్డు తేనె కోసం ఎక్కిన గుర్తులని చూపించాడు. వాగులో బురద మీద కణుజు దుప్పి గిట్టల గుర్తులు, వాటిని తొక్కుతూ చిరుతపులి పంజాలు. "ఏడికి పోయిందిప్పుడు?" అని నేను గుసగుసలాడితే, "మన్ని జూత్తా ఉంటది," అన్నాడు తాపీగా. నేను గబుక్కున ఆయన వీపు చాటుకి చేరాను. ఆయన చూశాడు, చూడనట్టు ముందుకు నడిచాడు. ఆ మర్యాద మా అత్తారింట్లో ఎవరికీ లేదు.

మధ్యాహ్నం ఆయన గుడిసె దగ్గర జొన్నరొట్టె తిన్నాం. ఆయన భార్య రొట్టె నాకే మెత్తటిది ఏరి పెట్టింది. పైన చెట్ల కొమ్మల్లో బెట్టుడుత ఒకటి ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మకి దూకింది. మన ఇళ్ళ దగ్గర ఉడుత కాదు, పిల్లి అంత. ఎర్రటి ఒళ్ళు, మూరెడు తోక. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

"ఇదేం జూత్తావ్? సాయంకాలం ఒకటి చూపిత్తా," అన్నాడాయన.

పొద్దు వాలుతుండగా నన్నొక నల్లబండ మీద బోర్లా పడుకోబెట్టాడు. నడిమికి చీలిన బండ. ఎదురుగా మూడు తునికి చెట్లు. వాటి మొదట్లో పాత పుట్ట, పుట్ట పక్కన మట్టితో మూసిన బొరియ. గాలి మా మీంచి అటు పోకూడదని ఎండుటాకు నలిపి వదిలి చూసుకున్నాడు. ఎంతసేపు పడుకున్నామో. చీమలు కుట్టాయి, దగ్గొచ్చింది, మింగాను. అప్పుడు ఆ మట్టి కదిలింది.

ముందు సన్నటి మూతి వచ్చింది. తర్వాత ఒళ్ళంతా పెంకులు కప్పిన ఇల్లులా ఉన్న జంతువు. అలుగు. ముందుకాళ్ళు పొట్ట దగ్గర పెట్టుకుని, చేతులు కట్టుకుని చర్చికి పోయే ముసలావిడలా నడిచింది. దాని తోక మీద ఏదో ముద్ద. చూస్తే పిల్ల. మూరెడు కూడా లేదు. తల్లి తోక మొదట్ని రెండు చేతులా వాటేసుకుని, తల్లి ఎటు తిరిగితే అటు ఊగుతూ పోతోంది. తల్లి పుట్టని గోళ్ళతో తవ్వింది. సన్నటి నాలుక జరజరా పోయి వచ్చింది. పిల్ల కూడా మూతి చాపింది, అందక మళ్ళీ తోకనే పట్టుకుంది.

నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎందుకంటే చెప్పలేను. అంత చిన్న మూతి ఈ కొండల్లో ఇంతకాలం ఎవరి కంటా పడకుండా బతుకుతోందా అనిపించింది.

చూడటమయ్యాక ఆయన ఆకుల కొమ్మ ఒకటి విరిచి, ఆ బొరియ చుట్టూ పడ్డ కొత్తమట్టిని, అడుగుల గుర్తుల్ని మెల్లగా చెరిపేశాడు. రోజూ పొద్దున్నే వచ్చి అట్లా చెరిపిపోతాడట. కొత్తమట్టి కనపడితే చాలు, తెలిసినవాడికి అలుగు ఉందని తెలిసిపోతుంది.

"అయ్యోరా, దీన్ని మా గూడెపోళ్ళకి గూడా చూపించలా. నేను, నా ఆడది, ఇప్పుడు నువ్వు. ముగ్గురం. దీని ఒంటి మీద చిప్పల కోసం జనం పడిచత్తారు. ఇది పోయిందంటే వాచరుగాడు అమ్ముకున్నాడంటారు, నా గుడిసె లేచిపోద్ది. చూసింది కడుపులో పెట్టుకో."

"నా ప్రాణం పోయినా చెప్పను," అన్నాను. నిజంగానే అన్నాను, గుండె మీద చెయ్యేసుకుని.

"పేణం దాకా ఎందుకులే. నోరు మూసుకుంటే చాలు," అన్నాడు.

ఆ నోరే నెలన్నర కూడా మూసుకోలేకపోయాను.

క్రిస్మస్‌కి అత్తారింటికి వెళ్ళాం. చర్చి నుంచి వచ్చి బారుగా భోజనాలకి కూచున్నాం. మా మామగారు మడతపెట్టిన బొంత మీద ఒక పక్కకి ఒరిగి కూచున్నాడు. పాపం మంచివాడు. కూచున్నప్పుడొకసారి, లేచినప్పుడొకసారి "అబ్బా" అనేవాడు, అంతే తప్ప ఎవర్నీ విసుక్కునేవాడు కాదు. పక్కింటి పిన్ని ఒకావిడ, "అలుగు చిప్పతో ఉంగరం చేయించుకో బావా, నెల తిరక్కుండా మొలలు రాలిపోతయ్," అంది. మా వైపు అందరికీ ఆ నమ్మకం ఉంది.

"యాడ దొరికి చచ్చింది పిన్నీ? రెండేళ్ళ నుంచి ఎతుకుతున్నా. అలుగు జాడ తెలిసిన మొగోడు ఈ పలనాట్లో లేడు," అన్నాడు మా పెద్ద బావమరిది. పందుల వేటలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు.

"బావని పంపిద్దాం. గోడ దూకి పట్టుకొత్తాడు," అన్నాడు చిన్నవాడు.

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. అదిగో, అక్కడ తెగింది నాకు.

"నేను చూశాను," అన్నాను.

"ఏంది బావా, బొమ్మల పుస్తకంలోనా?"

"అడవిలో. పిల్లతో సహా. ఇక్కణ్ణుంచి ఆ స్తంభమంత దూరంలో."

ఒక్కసారిగా నవ్వులు ఆగిపోయాయి. మా మామగారు ముద్ద ఆకులో పెట్టేసి నా వైపు తిరిగాడు. పెద్దవాడు, "ఆఁ, చెప్తావులే. యాడ చూశావు మరి?" అన్నాడు, నమ్మని మొహంతో. ఆ మొహం చూస్తే నా ఒళ్ళు మండింది. పంతుళ్ళకి ఒక జబ్బుంది. ఎవరైనా నమ్మకపోతే గీసి చూపించాలి. లాల్చీ జేబులో సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది. ఎడంచేత్తో తీసి, ఆకు పక్కన నాపరాయి మీద ఉత్తరం పైకి పెట్టి పటం గీశాను. ఇదుగో హద్దురాళ్ళు, ఇది వాగు, ఇది చీలిన నల్లబండ, ఇవి మూడు తునికి చెట్లు. తరగతిలో కృష్ణానదిని ఎంత శ్రద్ధగా గీస్తానో అంత శ్రద్ధగా గీశాను. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నేను నోరు జారలేదు. పటం గీశాను.

మా మామగారు తన చేత్తో నా అన్నంలో నెయ్యి వేశాడు. "అల్లుడంటే నా అల్లుడేరా," అన్నాడు కొడుకులతో. ఆ ఒక్క పూట ఆ ఇంట్లో నేను మగాణ్ణయ్యాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ పూట భోజనం చాలా బాగుంది.

బయలుదేరేటప్పుడు మాత్రం పెద్దవాణ్ణి పక్కకి పిలిచాను. "ఊరికే మాటవరసకి చెప్పాను. అక్కడికి పోవద్దు. ఆ వాచరు మంచివాడు," అన్నాను.

"సర్లే బావా," అన్నాడు. ఆ 'సర్లే' ఎలాంటి 'సర్లే'నో తెలియనంత చిన్నపిల్లాణ్ణి కాను. అయినా నమ్మినట్టు తలూపి బస్సెక్కాను.

మా ఆవిడ పుట్టింట్లోనే ఆగింది. మూడు వారాల తర్వాత తీసుకురావడానికి వెళితే మా మామగారి వేలికి కొత్త ఉంగరం ఉంది. వెండి చుట్టులో బిగించిన గోధుమరంగు చిప్ప. నన్ను చూడగానే చెయ్యి చాపి చూపించాడు. చిన్నవాడు నన్ను దొడ్లోకి తీసుకెళ్ళి తలకిందులుగా బోర్లించిన గంప ఎత్తాడు. కింద పిల్ల, చుట్టలా ముడుచుకుని ఉంది. పక్కన మూకుట్లో ఆవుపాలు, దాని మీద ఈగలు.

"తల్లి ఏది?" అన్నాను. తెలిసీ అడిగాను.

"కూరొండాం బావా. నీకూ పంపిద్దామనుకున్నాం. మాచర్ల దూరమాయె," అన్నాడు.

అది పాలు తాగదని, చీమలూ చెదలూ తింటుందని చెప్పాను. చిన్నవాడు పాపం పోయి గుప్పెడు చీమలు తెచ్చాడు, చచ్చిన చీమలు. అది మూతి తియ్యలేదు. ఆ గంప నెత్తిన పెట్టుకుని సాయంత్రానికల్లా ఆ గుడిసెకి పోవచ్చు. ఆయనకి దాన్ని బతికించడం తెలిసే ఉంటుంది. పోలేదు. పోతే ఎక్కడిదని అడుగుతాడు. చెప్పాల్సి వస్తుంది. గంప మళ్ళీ బోర్లించి, మా ఆవిణ్ణి తీసుకుని ఇంటికొచ్చాను. మూడో రోజున అది చచ్చిపోయిందని కబురు తెలిసింది.

అలుగుకి చిప్పలు వందలుంటాయి. మా అత్తవారు ఒక్క ఉంగరంతో ఆగే మనుషులు కారు. చుట్టాలకీ పక్కాలకీ తలా ఒకటి పంచారు. మాచర్ల సంతలో కొత్త కొత్త ఉంగరాలు చూసి ఫారెస్టు గార్డు కూపీ లాగాడు. తీగ లాగితే మా పెద్ద బావమరిది దగ్గర తేలింది. వాడు చెమట పట్టకుండా, "మీ వాచరే తెచ్చిచ్చాడు," అన్నాడట. ఈ సంగతి మా ఆవిడ చెప్పింది. "మా అన్న భలే తప్పించుకున్నాడు," అంది. నా మొహం చూసి లేచి వంటింట్లోకి పోయింది.

నాలుగు రోజులకి ఆ గార్డు బడికొచ్చాడు. "పంతులుగారూ, వాడి అర్జీ మీరే రాశారంటగా. ఒకసారి అడవికి కూడా పోయారంట. వాడెట్టాంటివాడు? అమ్ముకునే రకమా?" అని అడిగాడు.

"నాకేం తెలుసండీ. అర్జీ రాయమంటే రాశాను," అన్నాను, తేలు కుట్టిన దొంగలా. గార్డు తలూపి పోయాడు. పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. నేను వాళ్ళ మీద ఊరికే కేకలేశాను.

ఆ పైవారం ఆయన వచ్చాడు. నేను అరుగు మీద నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. ఆనించడానికి గొడ్డలి లేదు.

"గుంజుకున్నారు. పని తీసేసిరి. ఉగాది లోపల గుడిసె పీకమన్నారు," అన్నాడు. "అయ్యోరా, ఆ చోటు ముగ్గురికే ఎరుక. నేను చెప్పలా. నా ఆడది గూడెం దాటలా," అని ఆగాడు. మూడోవాడి పేరు ఎత్తలేదు.

నా చేతిలో కలం అట్లాగే ఉంది. "నోరు జారాను," అన్నాను.

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆయన పెద్ద ఊపిరి వదిలి అరుగు అంచున కూచున్నాడు.

"చల్లటి మాట జెప్పావు అయ్యోరా. పది దినాల నుంచి నా ఆడదే చెప్పిందని దాన్ని చంపుతున్నా. మొన్న చెయ్యి గూడా చేసుకున్నా." అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. "పోనీలే. మనిషన్నాక నోరు జారతాది. ఇప్పుడా మాటే రాయి. అలుగు జాడ చెప్పింది అయ్యోరు, వాచరు అమ్మలేదు అని. నువ్వు సర్కారు మనిషివి, నిన్నేం జెయ్యరు. నీ మాట నమ్ముతారు."

కాగితం తీశాను. మహారాజశ్రీ దగ్గర్నుంచి మొదలుపెట్టి రాశాను. ఆరేళ్ళ నమ్మకం రాశాను, కన్నతల్లి రాశాను, భార్యాబిడ్డలు గలవాణ్ణని రాశాను. అసలు మాట దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగింది. నేను పేరు పెడితే బావమరుదుల్ని స్టేషనుకి పిలుస్తారు. మా ఆవిడ కడుపుతో ఉంది. బోర్డువాళ్ళు నన్ను ఎక్కడికో విసిరేస్తారు. ఇవన్నీ అప్పుడు అనుకున్నాను. ఇవన్నీ సాకులు. 'నేను' అని రాయడానికి నాకు దమ్ము చాల్లేదు. గోడ దూకిన ఆ రోజు కన్నా ఈ రోజు పెద్ద పిరికివాణ్ణి, చూసేవాళ్ళు లేరు, అంతే తేడా. దయతలచి విచారించ ప్రార్థన అని రాసి ముగించాను.

"చదువు," అన్నాడు.

చదివాను. చివర్లో, కాగితం మీద లేని మాటని కళ్ళు దించుకుని చదివాను. "అలుగు జాడ చెప్పింది నేనే, అర్జీ రాసిన పంతుల్నే. ఇందులో వాచరు తప్పు ఏమీ లేదు, అతడు ఎవరికీ అమ్మలేదు." అచ్చు చదువుతున్నట్టే చదివాను, ఒక్క చోట కూడా తడబడలేదు. అదీ నా ప్రజ్ఞ.

ఆయన ఆ మాటలు మళ్ళీ చదివించుకుని, పెదాలు కదుపుతూ బట్టీ పట్టాడు. వేలు సిరాలో అద్ది కింద ముద్ర వేశాడు. "ఇట్టాంటి మాట రాయటానికి గుండెకాయుండాల అయ్యోరా. నువ్వు మొగోడివి," అని, కాగితం ఆరేదాకా ఊదుకుంటూ పోయాడు.

పది రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. బడి విడిచి చాలాసేపయింది. తలపాగాలోంచి ఆ అర్జీ తీశాడు. మడతల దగ్గర నలిగిపోయి ఉంది.

"గుమాస్తా ఇది చదివి, ఇందులో అట్టాంటి మాటే లేదంటాడు. నేను తగాదా పెట్టుకున్నా. మా అయ్యోరు నా ముందరే రాసిండు, నా చెవులతో విన్నా అన్నా. ఆఫీసంతా నవ్విరి. కాగితం నా మీదికి ఇసిరేసిరి." కాగితం నా ముందు పరిచి అరచేత్తో సాపు చేశాడు. "ఆ మాట యాడుందో ఏలు పెట్టి చూపియ్యి. గురుతు పెట్టుకుని పోయి వాడికి చూపిత్తా."

ఇప్పుడైనా చెప్పొచ్చు. కలం జేబులోనే ఉంది, రాయనైనా రాయొచ్చు. నా వేలు నాకు తెలియకుండానే పోయి చివరి వరస మీద పడింది. దయతలచి విచారించ ప్రార్థన.

"ఇదేనా?"

"ఇదే," అన్నాను.

ఆయన ఆ వరస మొదట్లో గోటితో నొక్కి గుర్తు పెట్టుకున్నాడు. తర్వాత తను బట్టీ పట్టిన మాటల్ని ఒక్కొక్కటే మెల్లగా పలుకుతూ, వేలిని ఆ వరస వెంబడి జరిపాడు. "అలుగు జాడ... చెప్పింది... నేనే... అర్జీ రాసిన..." అక్కడికి వరస అయిపోయింది. వేలు తెల్లకాగితం మీదికి వచ్చింది. నోట్లో ఇంకా సగం మాటలు మిగిలే ఉన్నాయి. వేలు వెనక్కి తీసుకుని మళ్ళీ మొదట్నుంచి జరిపాడు, ఈసారి గబగబా పలుకుతూ. మళ్ళీ అక్కడే అయిపోయింది.

ఆయన కాగితం వంక చూశాడు. నా వంక చూశాడు. నేను నోటుపుస్తకం ఒకటి తెరిచి దిద్దుతున్నట్టు తల వంచుకున్నాను.

"సరే అయ్యోరా," అన్నాడు.

కాగితాన్ని ఎన్ని మడతలుండేవో అన్ని మడతలూ పెట్టి, తలపాగాలో పెట్టుకోకుండా నా పుస్తకాల మీద పెట్టాడు. లేచి గేటు దాటాడు. రేంజరు ఆఫీసు మా బడికి కుడివైపు. ఆయన ఎడమవైపు, అడవి దోవ పట్టాడు. నేను పిలవలేదు.

ఉగాదికి ముందే ఆ గుడిసె పీకేశారని గార్డు ఒకసారి బజార్లో కనిపించి చెప్పాడు. వాళ్ళు ఎక్కడికి పోయారని నేను అడగలేదు.